బీటిల్స్‌కే వినబడని బీటిల్స్

1965 ఆగస్టు 15న న్యూయార్క్‌లోని షే స్టేడియంలో బీటిల్స్ పాడారు. బేస్‌బాల్ ఆట కోసం కట్టిన ఆ స్టేడియానికి ఆ రాత్రి దాదాపు 55,600 మంది వచ్చారు. స్టేడియం కచేరీల శకం అక్కడే మొదలైందని రాయడం రివాజు. వచ్చిన జనాన్నీ, 3 లక్షల డాలర్లు దాటిన వసూళ్లనూ చూస్తే ఆ మాట కాదనలేం. కచేరీ అంటే చెవికి అందే పాట అనుకుంటే మాత్రం ఆ రాత్రి అక్కడ కచేరీ జరగలేదనే చెప్పాలి. వాక్స్ కంపెనీ ఆ పర్యటన కోసం ప్రత్యేకంగా తయారుచేసిన 100 వాట్ల ఆంప్లిఫయర్లే గిటార్లకు దిక్కు. గొంతులైతే ఆట నడిచేటప్పుడు ప్రకటనలు చదివే మైకు సెట్టులోంచే రావాలి. వాయించేవాళ్లకు తమ పాట వినబడేలా ఎదురుగా పెట్టే మానిటర్ స్పీకర్లు ఆ వేదిక మీద లేవు. పాట ఎక్కడిదాకా వచ్చిందో ముందు నిలబడ్డ ముగ్గురి ఒంటి కదలికలను బట్టి పోల్చుకునేవాణ్నని డ్రమ్మర్ రింగో స్టార్ తర్వాతి కాలంలో చెప్పాడు. అరగంటలో 12 పాటలు ముగిశాయి. ఆ కచేరీ సినిమాను టీవీలో వేసే ముందు, 1966 జనవరిలో, బృందం లండన్ స్టూడియోలో కూర్చుని కొన్ని పాటలను మళ్లీ పాడి అతికించాల్సి వచ్చింది.

బ్యాండు కచేరీల చరిత్ర రాసేవాళ్లు వేదిక ముందున్న మనుషుల గురించే రాస్తారు. వేదిక వెనకా పక్కలా పేర్చిన పెట్టెలకూ, వాటి తీగలు కలిపిన ఇంజినీర్లకూ ఆ చరిత్రలో సగం వాటా ఉందని నా వాదన. 1965కీ 1974కీ మధ్య సౌండ్ పరికరాల్లో వచ్చిన మార్పే లేకపోతే, ఇవాళ గొప్ప కచేరీలుగా చెప్పుకొనేవాటిలో చాలా భాగం పుట్టేవే కావు.

బీటిల్స్ 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ పార్క్‌లో పాడి, టికెట్టు కచేరీలకు స్వస్తి పలికారు. తిరిగి తిరిగి అలసిపోయారనీ, బృందంలోని జాన్ లెనన్ అన్న ఒక మాటపై రేగిన గొడవతో బెదిరింపులు వచ్చాయనీ కారణాలు చెబుతారు. రెండూ నిజమే. కానీ మరో సాక్ష్యం ఉంది. ఆ పర్యటన మొదలవడానికి వారం ముందే ‘రివాల్వర్’ ఆల్బమ్ విడుదలైంది. కొత్త ఆల్బమ్ చేతిలో పెట్టుకుని ఊరూరా తిరిగిన బృందం అందులోంచి ఒక్క పాటా వేదిక మీద పాడలేదు. స్టూడియోలో వాళ్ల సంగీతం ఎంతో ముందుకు పోయింది, మైదానాల్లోని మైకు సెట్టు ఉన్నచోటే ఉండిపోయింది. అసలు వాళ్లకు వేదిక మీద వాయించే సత్తా తగ్గిందేమో అన్న అనుమానానికి 1969 జనవరి 30 సమాధానం చెబుతుంది. ఆ రోజు లండన్‌లో తమ ఆఫీసు డాబా మీద, చలిగాలిలో, సుమారు 40 నిమిషాలు వాయించారు. అరుపులు లేవు, ఒకరిదొకరికి వినబడింది. ఆ టేపులోంచి మూడు పాటలు ‘లెట్ ఇట్ బీ’ ఆల్బమ్‌లోకి చేరాయి.

షే స్టేడియానికి జనం వచ్చింది చూడటానికే గానీ వినడానికి కాదు, ఆ కేకలే వాళ్ల పండగ అనేవాళ్లున్నారు. ఆ రాత్రి వరకు ఒప్పుకుంటాను. అయితే ఆ పండగను ఎక్కువకాలం మోయలేకపోయింది పాడేవాళ్లే. ఇంతకన్నా గట్టి అభ్యంతరం మన నేల నుంచే వస్తుంది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలను మైకులు లేని రోజుల్లోనే మన నటులు పందిట్లో చివరి వరస దాకా వినిపించలేదా, వన్స్‌మోర్‌లు కొట్టించుకోలేదా? వినిపించారు, అది మహా విద్య. కానీ ఆ పద్యం పాడే తీరే మైకు లేకపోవడానికి తగ్గట్టు తయారైంది. శ్రుతి ఎత్తుగా ఉంటుంది, రాగం సాగుతుంది, హార్మోనియం గొంతును అంటిపెట్టుకునే నడుస్తుంది. జనం పద్యమయ్యేదాకా ఊపిరి బిగబట్టి, అయ్యాకే గోల చేస్తారు. రాక్ బ్యాండులో డ్రమ్సూ, బేస్ గిటారూ, గొంతూ ఒకే క్షణంలో పలకాలి. వాటి పాళ్లు కుదిర్చే మనిషి, ఆ పాళ్లను దూరానికి మోసే పెట్టె లేకపోతే మొదట మునిగిపోయేది గొంతే.

1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ సంగీతోత్సవానికి పొలాల్లో 4 లక్షలకు పైగా జనం చేరినప్పుడు సౌండ్ ఇంజినీరు బిల్ హ్యాన్లీ ఎత్తయిన మంచెలు కట్టించి వాటి మీద స్పీకర్లు పేర్పించాడు. గుట్ట వాలున కూర్చున్నవాళ్లకూ పాట అందింది. అక్కణ్నుంచి దాదాపు ఐదేళ్లకు, 1974 మార్చి 23న, శాన్‌ఫ్రాన్సిస్కో శివార్లలోని కౌ ప్యాలెస్‌లో గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం ‘వాల్ ఆఫ్ సౌండ్’ అనే స్పీకర్ల గోడ నిలబెట్టింది. సౌండ్ ఇంజినీరు ఓజ్లీ స్టాన్లీ, అతని సహచరులు కట్టిన ఆ గోడ మూడంతస్తుల ఎత్తు. 600 దాకా స్పీకర్లు, 75 టన్నుల బరువు. ఒక్కో వాద్యానికీ విడి స్పీకర్ల వరస, బేస్ గిటారులో ఒక్కో తీగకూ విడి దారి. గోడంతా వాయించేవాళ్ల వెనకే ఉండటంతో జనానికి వినబడేదే వాళ్లకూ వినబడేది. అలా పెడితే మైకు కుయ్యిమని కూత పెట్టాలి. దానికి వాళ్లు చేసిన ఉపాయం చూడండి. ఒక్కో గాయకుడి ముందు ఒకదాని మీద ఒకటి రెండు మైకులు పెట్టి, వాటి తీగలను ఎదురుబొదురుగా కలిపారు. వెనక గోడ నుంచి వచ్చే మోత రెండింట్లోనూ సమానంగా పడి రద్దవుతుంది. గాయకుడు ఒక్కదానికే పెదవులు ఆనించి పాడతాడు గనుక గొంతు మాత్రం మిగులుతుంది. ఎంత అందమైన ఆలోచన!

ఆ గోడే వాళ్లను ముంచిందనేవాళ్లకూ ఆధారం ఉంది. ఒక ఊళ్లో కచేరీ నడుస్తుండగా తర్వాతి ఊళ్లో మరో వేదిక లేపాల్సి వచ్చేది. ఆ ఖర్చూ ఆ చాకిరీ తట్టుకోలేక 1974 అక్టోబరులో వింటర్‌ల్యాండ్ హాల్లో వరస కచేరీలు చేసి పర్యటనలు ఆపేశారు. 1976లో మళ్లీ బయల్దేరినప్పుడు గోడ వెంట రాలేదు. ఓడింది పరిమాణం. జనం వినేది స్పష్టంగా వినాలన్న పట్టుదల ఓడలేదు. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయం బార్టన్ హాల్‌లో వాళ్లు చేసిన కచేరీని అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ 2011 జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది. అభిమానులు దశాబ్దాలపాటు పంచుకున్న ఆ కచేరీ మేలి టేపును సౌండ్‌బోర్డు దగ్గర కూర్చుని రికార్డు చేసింది బెట్టీ కాంటర్-జాక్సన్ అనే ఇంజినీరు. బృందం అభిమానులు ఆమె టేపులను ఇప్పటికీ ‘బెట్టీ బోర్డ్స్’ అనే పిలుస్తారు.