షోలాపూర్ పేటలకు నీళ్లు వచ్చిన దారి, నీళ్లు పోయే దారి

మన పూర్వ భాగంలో మళ్లీ రోడ్లు తవ్వుతున్నారు. ఒక గల్లీలో గటారు పైపు, పక్క గల్లీలో నల్లా పైపు, మొన్ననే వేసిన సిమెంటు రోడ్డు మీద మళ్లీ గునపం. ఎవరిని తిట్టాలన్న చర్చ గ్రూపులో జోరుగా నడుస్తోంది. తిట్టుకుందాం, తప్పులేదు. కానీ ఈ తవ్వకం ఎందుకు తెగడం లేదో తెలియాలంటే నూటయాభై ఏళ్లు వెనక్కి పోవాలి. వ్యాసం కాస్త పొడుగే, ఓపికతో చదవండి.

షోలాపూర్‌కు మునిసిపాలిటీ 1852లోనే వచ్చింది. బొంబాయి వైపు నుంచి రైలు 1860లో వచ్చి, 1871లో రాయచూరు దాకా సాగి మద్రాసు లైనుతో కలిసింది. అదే 1871లో ఏక్రుఖ్ చెరువు, అంటే మనం హిప్పర్గా చెరువు అనేది, పూర్తయింది. 1866లో మొదలుపెట్టిన ఆ కట్టను, కాలువలను పొలాల కోసం కట్టారు. ఊరికి తాగునీళ్లు దాని నుంచి తీసుకోవడం తర్వాతి మాట. 1876–77 కరువు ఈ జిల్లాను పిండేసింది. 1877లో జూనీ మిల్లు తిరిగింది.

మిల్లు వస్తే మగ్గం చస్తుందని చాలా పుస్తకాల్లో చదువుతాం. షోలాపూర్‌లో అలా జరగలేదు. మిల్లు నూలు పక్కనే దొరకడంతో చేతిమగ్గాలు ఇంకా పెరిగాయి. కరీంనగర్, నల్గొండ, వరంగల్, పాలమూరు వైపుల నుంచి నిజాం రాజ్యం దాటి మన తాతముత్తాతలు ఇక్కడికి వచ్చింది ఆ నూలు కోసం, ఆ పని కోసమే. భవానీ పేట్, సాఖర్ పేట్, దాజీ పేట్, జోడ్‌బావి పేట్ అలా నిండాయి. జోడ్‌బావి పేరు చూడండి, అందులోనే బావి ఉంది. పేటలు నిండినకొద్దీ ఇళ్లు దగ్గరదగ్గరగా లేచాయి. మురుగు ఎటు పోవాలన్న ప్రశ్న ఇళ్ల తర్వాతే వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి మీద ఆగాలి. మన ఇల్లు ఒట్టి ఇల్లు కాదు, కార్ఖానా కూడా. ముందు గదిలో గుంట మగ్గం, వెనుక వంట, నడుమ నూలు. గంజికి నీళ్లు కావాలి, అద్దకానికి ఇంకా ఎక్కువ కావాలి. రంగు వేసిన నూలును ఒకటికి మూడు నీళ్లలో జాడించాల్సిందే. ఇంటి ఆడవాళ్లు బీడీలు చుడితే తునికాకును తడపడానికీ నీళ్లే. ఇక వీధి. గంజి పెట్టిన పడుగును వీధి పొడవునా కర్రల మీద సాగదీసి, ఎండ ముదరకముందే కుంచెతో దువ్వేవారు. మునిసిపాలిటీ పటంలో అది దారి, మనకు అది పనిచేసే చోటు. గల్లీ సన్నగా ఉన్నా నేరుగా, చదునుగా ఉండాలి, తడి ఉండకూడదు.

ఇప్పుడు ఇంజనీర్ల లెక్కకు వద్దాం. గటార్లున్న నగరంలో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది మన దేశంలో ప్రభుత్వం వాడే కొలత. తాగడం, వండడం, స్నానం, బట్టలు, పాయిఖానా, అన్నీ అందులోనే. అందులో సుమారు ఐదింట నాలుగు వంతులు మురుగుగా బయటికి వస్తాయని లెక్కగట్టి గటారు పైపు సైజు తేలుస్తారు. లెక్క మంచిదే. కానీ అందులో తలలే ఉన్నాయి, మగ్గం లేదు, తునికాకు లేదు, రంగు నీళ్లు లేవు. ఇంట్లోనే పనిచేసే పేటకు ఈ కొలతతో పైపు వేస్తే నల్లాలో నీళ్లు తక్కువవుతాయి, గటార్లో ఎక్కువవుతాయి. రెండు కష్టాలూ ఒకే ఇంటికి వస్తాయి. నా ఉద్దేశంలో మన గొడవ అంతటికీ మొదలు ఇదే. అవినీతి, నిర్లక్ష్యం ఆ తర్వాత.

చట్టం సంగతి కూడా చూడండి. బొంబాయి ప్రాంతంలో 1915లోనే టౌన్ ప్లానింగ్ చట్టం వచ్చింది. దేశంలో అదే మొదటిది. అయితే దాని కింద పథకాలు ఊరి అంచున కొత్తగా లేచే స్థలాలకే. ఖాళీ భూమిని ప్లాట్లు చేసి, రోడ్డు, గటారు ముందే గీయవచ్చు. అప్పటికే కిక్కిరిసిన పేటలు దానిలోకి రాలేదు. అదే కాలంలో మనవాళ్లు వదిలివచ్చిన నిజాం రాజ్యంలో ఏం జరిగిందంటే, 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచింది. విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆయన వరద కట్టడికి జలాశయాలు, ఊరికి మురుగు కాలువలు కలిపి ఆలోచించారు. 1912లో నగరాభివృద్ధికి ఒక బోర్డు పెట్టారు, 1920లో ఉస్మాన్ సాగర్ పూర్తయింది. అంత పెద్ద చావు జరిగితే గాని అక్కడా కదలలేదు, అది వేరే సంగతి. ఆ విశ్వేశ్వరయ్య గారే అంతకు ముందు చాలా ఏళ్లు మన బొంబాయి ప్రాంతంలో ఉద్యోగం చేశారు!

షోలాపూర్ 1964లో మహానగరపాలిక అయ్యింది. హిప్పర్గా చాలక టాక్లీ దగ్గర భీమా నది నీళ్లు తెచ్చుకున్నారు. 1980లో ఉజనీ డ్యాం పూర్తయ్యాక అక్కడి నుంచి నూరు కిలోమీటర్లు దాటిన పైపు వచ్చింది. నదిలోకి వదిలితే దారిలో ఇంకిపోయి, ఆవిరైపోయి మనకు చేరేది కొంతే. అందుకే పైపు. ఇంత చేసినా నల్లా నాలుగైదు రోజులకోసారి వస్తుంది. మంచం కింద డ్రమ్ములు పెట్టుకోని ఇల్లు మన వైపు ఉందా? ఒక్కటి గమనించండి, ప్రతిసారీ నీళ్లు తెచ్చే పైపు ముందు వచ్చింది, తీసుకుపోయే పైపు ఎన్నో ఏళ్లకు వచ్చింది. నడుమ పవర్‌లూములు వచ్చాయి, చద్దర్లు, టవళ్లకు పేరొచ్చింది, అద్దకం నీళ్లు పెరిగాయి. అవి పోయింది వాన నీళ్ల కోసం ఉన్న నాలాల్లోకే.

వాన ఇక్కడ తక్కువే. కానీ ఏడాది వానలో చాలా భాగం కొద్ది రోజుల్లోనే కుమ్మరిస్తుంది. కింద నల్లరేగడి, దాని కింద నల్లరాయి. లోతుగా తవ్వడం ఖర్చు కాబట్టి పైపైన వేస్తారు. గల్లీ రోడ్డును తవ్వి తీయకుండా పాత దాని మీదే కొత్తది వేస్తారు. పదేళ్లకు రోడ్డు ఇంటి గడపను మించుతుంది. గుంట మగ్గం అసలే నేల కిందికి ఉంటుంది, వీధిలోని నీళ్లు మొదట దిగేది అందులోకే. గంజి పెట్టిన పడుగు మురుగులో తడిస్తే ఆ నెల కూలి పోయినట్టే. 2020 అక్టోబరు గుర్తుందా? కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండం హైదరాబాద్‌ను ముంచి, మన తాతలు నడిచొచ్చిన దారినే మరుసటి రోజు షోలాపూర్ చేరింది.

ముందు గీసి తర్వాత కట్టినవి మన చుట్టూ లేవా అంటే ఉన్నాయి. కుంభారిలో బీడీ కార్మిక మహిళల కోసం కట్టిన గోదూతాయి పరులేకర్ కాలనీ, 10,000 ఇళ్లు, 2006లో ఇచ్చారు. దాని తర్వాత రే నగర్, 30,000 ఇళ్ల పథకం, అందులో 15,000 ఇళ్లు 2024 జనవరిలో ఇచ్చారు. రోడ్డు, నీళ్లు, మురుగు ఒకే పటం మీద గీసిన చోట్లు. అయితే అవి ఊరి బయట. చుట్టిన బీడీల బుట్ట, మగ్గం పని ఊరిలో. రాకపోకల ఖర్చు కూలిలోంచే పోతుంది. అంటే అక్కడ పైపు లెక్క కుదిరింది, బస్సు లెక్క కుదరలేదు.

1966 నాటి మహారాష్ట్ర చట్టం ప్రకారం నగర వికాస పటం ముసాయిదా ప్రకటించాక జనం హర్కతులు, సూచనలు రాసి ఇవ్వవచ్చు. గడువు కొద్ది రోజులే. మనం ఎప్పుడూ గుడి స్థలం, సభాగృహం స్థలం గురించే రాసి ఇస్తున్నాం. ఈసారి గల్లీ వారీగా ఎన్ని మగ్గాలు, ఎన్ని అద్దకం కార్ఖానాలు, ఎంతమంది బీడీ చుట్టేవారు, గడప కంటే రోడ్డు ఎన్ని అంగుళాలు ఎత్తు అన్నది రాసి ఇద్దాం. టేపు ఎవరి దగ్గరైనా ఉంటుంది. భవానీ పేట్, సాఖర్ పేట్ యువకులు ఆదివారం ముందుకొస్తే ఆ రెండు పేటలతో మొదలుపెడదాం. పాత నల్లా రసీదులు, ఇంటి పటాలు ఉన్నవారు ఫోటో తీసి కింద కామెంట్లో పెట్టండి.