గడియారముపైని పేరు

గోదావరీతీరమున మా మేనమామగారి యింటి నడవలో నొక గోడ గడియారము కలదు. దాని కథ నెరుగని బంధువు మాలో లేడు. కంపెనీవారి దొరతనమున కలెక్టరు దొర యొకడు మామగారి తాతగారి తాతగారికి దానిని బహుమానముగా నిచ్చెనని కుటుంబములో చెప్పుకొందురు. పెండ్లిచూపులకు వచ్చినవారికి సైతము ఈ కథ వినిపించినగాని కాఫీ యీయరు. రెండేండ్ల క్రిందట అది యాగిపోగా మామగారు నన్ను పిలిపించి, "అబ్బాయీ, నీవు పాత గడియారములను గూర్చి యేవేవో చదువుచుందువు గదా! దీని వయస్సెంతయో తేల్చి ఒక కాగితము వ్రాసిపెట్టుము. పెట్టెకు క్రొత్త రంగు వేయించి, ముఖమునకు క్రొత్త అంకెలు వ్రాయించి, కలెక్టరుగారి పేరు క్రింద చెక్కించెదను" అనిరి.

ఆ దినమున వెనుకతట్టు విప్పగా నాకు కనబడినదేదో తరువాత మనవి చేసెదను. అంతకు ముందు ఇట్టి వస్తువుల పుట్టుకను నిర్ణయించు పద్ధతిని గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఈ విద్య ముఖ్యముగా ఇంగ్లండులో పెరిగినది. అచ్చట వెదర్‌ఫీల్డు అను బొగ్గు వర్తకుడు 222 గడియారములను కూర్చెను. 1928లో ఆయన పోగా ఆ కూర్పు చెల్లాచెదరయ్యెను. ఇల్బర్టు అను నాయన జీవితమంతయు ధారపోసి కూర్చినది మాత్రము 1958లో బ్రిటిషు మ్యూజియమునకు చేరి నిలిచినది. 1899లో బ్రిటన్ అను పండితుడు పాత గడియారములను గూర్చి యొక గ్రంథమును ప్రకటించి, అందు వేలకొలది పనివారి పేర్లను, వారి కాలములను పట్టికగా నిచ్చెను. అది మొదలు సేకర్తలకు పని సులువయ్యెను, చిక్కును వచ్చెను. ముఖఫలకముపైని పేరును పట్టికలో వెదకుట, దొరకిన సంవత్సరమును గడియారమునకు తగిలించుట, ఇదియే పరీక్ష యనుకొనిరి. మోసగాండ్రు కూడ ఆ పట్టికనే చదువుదురను మాట వారికి తోచలేదు. పేరును కట్టకడపట చదువవలెను. మొదట చదువవలసినవి లోహము, కొయ్య, రంధ్రము, గీత.

ఒక్క గీతల మాటనే చూడుడు. 17వ శతాబ్ది నడుమవరకు ఇండ్లలోని గడియారములకు ముల్లొక్కటే యుండెడిది. దినమునకు పావుగంట తప్పు యంత్రమునకు నిమిషముల ముల్లెందులకు? 1656లో హాలండు దేశపు శాస్త్రజ్ఞుడైన హైగెన్సు గడియారమునకు లోలకమును కూర్చెను. 1658లో ఫ్రొమాన్టీలు అను పనివాడు లండనులో లోలకపు గడియారములు తనయొద్ద దొరకునని పత్రికలో ప్రకటన వేసెను. అటుపిమ్మటనే నిమిషమునకు గౌరవము కలిగినది. ఒంటిముల్లు ఫలకముమీద గంటకు గంటకు నడుమ నాలుగు భాగము లుండును, అవి పావుగంటలు. నిమిషములు చూపు ఫలకమున ఐదు భాగము లుండును. కావున నిమిషపు గీతలు లేక నాలుగేసి భాగములే యుండి, ముండ్లు మాత్రము రెండున్నచో, రెండవ ముల్లు తరువాతివా రెవరో తగిలించినదని బాలుడైనను చెప్పగలడు. అయితే ఒంటిముల్లు కనబడగానే అది లోలకమునకు పూర్వపుదని తీర్పు చెప్పరాదు. పల్లెటూళ్ల పనివారు 18వ శతాబ్దిలోను అట్టివానిని చేయుచుండిరి. పల్లెవానికి పావుగంట చాలును.

వాడుకలోని పేర్లును మోసపుచ్చునవే. నిలువెత్తు కొయ్యపెట్టెలో బరువులు, పొడవైన లోలకము గల గడియారమును తాతగారి గడియారమందురు. ఆ రకము 17వ శతాబ్దిలోనే పుట్టినది గాని, ఆ పేరు 1876లో అమెరికాలో హెన్రీ క్లే వర్కు వ్రాసిన యొక పాటవలన వచ్చినది. ఇంగ్లండులో పూటకూళ్ల యిండ్ల గోడలకు వ్రేలాడు పెద్ద ఫలకపు గడియారములను పార్లమెంటు చట్టపు గడియారములందురు. 1797లో పిట్టు మంత్రి గడియారములపై పన్ను వేయగా, జనులు తమ గడియారములను విడిచిరనియు, వారి సౌకర్యమునకై పూటకూళ్లవారు వీనిని పెట్టిరనియు కథ. ఆ పన్ను మరుసటియేడే రద్దయినది. ఆ గడియారములో, అంతకు ఎన్నో యేండ్ల ముందునుండియే యున్నవి.

ఇక దొంగపేర్ల చరిత్ర. లండనులో టాంపియను (1639–1713) అను పనివాడు తన కాలమున సాటిలేనివాడు. వెస్టుమినిస్టరు దేవాలయమున సమాధి పొందినవాడు. ఒకడు బాగుచేయించుటకై ఒక జేబు గడియారమును ఆయనయొద్దకు తీసికొనిపోయెనట. దానిపై టాంపియను పేరే యున్నది గాని అది ఆయన పనికాదు. ఆయన సుత్తి తీసి దానిని పగులగొట్టి, తాను చేసిన మరియొకదానిని ఆ మనుష్యుని చేతిలో పెట్టెనని చెప్పుదురు. కథ యెట్లున్నను చట్టము మాత్రము సత్యము. 1698లో ఇంగ్లీషు పార్లమెంటు యంత్రము లేని వట్టి పెట్టెలను, ఫలకములను ఎగుమతి చేయరాదని నిషేధించెను. వానిపై లండను పేర్లు చెక్కి పరదేశములకు పంపగా, అచ్చట నాసిరకపు యంత్రములను నింపి లండను సరుకని యమ్ముచుండిరి.

పేరు దొంగది కాకపోయినను శరీరము దొంగది కావచ్చును. ఒకచోటి యంత్రమును మరియొకచోటి పెట్టెలో బిగించి యమ్ముట వేలముల చుట్టుప్రక్కల చిరకాలముగ సాగుచున్నది. సేకర్తలు దీనిని "పెండ్లి" యని పరిహాసముగా చెప్పుకొందురు. ఈ పెండ్లిండ్లకు జాతకములు చూచుటయే పరీక్షకుని పని. ఫలకమునకు వెనుక చిన్న కాళ్లుండి, అవి యంత్రపు ముందరి పలకలోని రంధ్రములలో దూరి బిగియును. పలకలో పనిలేని రంధ్రము లున్నవన్న, లేక పూడ్చిన రంధ్రముల జాడలున్నవన్న, ఆ యంత్రము వెనుక మరియొక ముఖమును మోసినదన్నమాట. పెట్టెలో దీపము పెట్టి చూడుడు. లోలకపు గుండు వెనుక చెక్కకు రాచుకొని యేండ్ల తరబడి చేసిన గీత ఒక యెత్తున నుండగా, ఇప్పటి లోలకము వేరొక యెత్తున నూగుచుండును. ఆ గీత నెవ్వరును పట్టికలో చూచి గీయలేరు. తెల్లరంగు పూసి పూలు చిత్రించిన ఇనుపఫలకము గల ఇంగ్లీషు గడియారమును 1750 నాటిదని యెవరైన నమ్మజూపినచో, నమస్కరించి వెడలిపోవచ్చును. అట్టి ఫలకములను బర్మింగుహాములో ఆస్‌బర్ను, విల్సను అనువారు 1772లో ప్రకటించి యమ్మసాగిరి.

ఆ ఫలకములపై పేరున్న స్థలమును ఖాళీగా విడిచి పంపెడివారు. ఊరిలోని దుకాణదారు తన పేరు వ్రాయించుకొని గడియారపు పనివాడుగా వెలయును. ఈ విషయమున నా మనస్సు కొంచెము నిలిచిపోవును. లాంకషైరులోని ప్రెస్కటు పట్టణపు పనివారు జేబు గడియారముల మోటుయంత్రములను చేసి పంపగా, లండనువారు మెరుగుదిద్ది తమ పేర్లు చెక్కుకొనిరి. లండనులోని క్లర్కెన్‌వెల్ పేటలో త్వెయిట్సు కర్మశాలవారు ఎందరికో యంత్రములు చేసియిచ్చుచు, తమ గురుతుగా పలకపై నొక సంఖ్యను గ్రుద్దుటతో తృప్తిపడిరి. అంతకన్న అడుగున నున్నవారు మరికొందరు. చుట్టిన స్ప్రింగు మొదట బలముగను, తరువాత మెల్లగను లాగును. ఆ లాగుడు సమముగా నుండుటకై శంకువు ఆకారముగల కప్పీపై సన్నని గొలుసును చుట్టుదురు. నాటి హాంప్షైరులోని క్రైస్టుచర్చి పట్టణమున రాబర్టు హార్వీ కాక్సు అనునతడు 1790లో ఈ గొలుసుల పనిని నెలకొల్పెను. ఒక్క గొలుసులో వందలకొలది లంకెలు. ఒక్కొక్కటి కంటికి ఆనీ యాననిది. వానిని కూర్చినవారు స్త్రీలును, పిల్లలును. అందు బీదలశాలనుండి తెచ్చిన పిల్లలును గలరు. వారి చూపు ఆ లంకెలలోనే చెడినది. ఆ గొలుసు చుట్టుకొన్న గడియారముపై ఎవని పేరున్నదో చెప్పనక్కరలేదు.

అమెరికాలో కథ వేరు. ఈలై టెర్రీ 1807 ప్రాంతమున మూడేండ్లలో 4000 చెక్కయంత్రములను చేసియిచ్చుట కొప్పుకొనగా జనులు నవ్విరి. అతడు చేసి చూపెను. 1842లో చాన్సీ జెరోము చౌక ఇత్తడి గడియారములను ఇంగ్లండునకు పంపెను. పన్ను తగ్గించుకొనుటకై వెల తక్కువ చూపినాడని సుంకపు అధికారులు తలచి, ఆ వెలకు కొంత చేర్చి సరుకంతయు తామే కొనివేసిరి. జెరోమునకు అంతకన్న మంచి బేరగా డెక్కడ? వెంటనే మరియొక ఓడ పంపెను. ఇట్టి గడియారముల పెట్టెలలోపల చేసినవాని పేరు, ఊరు, కీ యిచ్చు విధము అచ్చువేసిన కాగితము అంటించియుండును. మనవారు శుభ్రత పేర మొట్టమొదట చింపునది ఆ కాగితమునే. సేతు థామసు పేరుగల గడియారములు మరికొంత తమాషా. ఆయన 1859లో మరణించినను ఆయన పేరిటి సంఘము గడియారములను చేయుచునే యుండెను. 19వ శతాబ్ది చివరి భాగమున వారు చేసిన తేదీని పెట్టె వెనుక తలక్రిందుగా ముద్రించుచుండిరి. 8981 అని యుండి, ప్రక్కను ఇంగ్లీషు అక్షరమాలలోని మొదటి అక్షరమున్నచో, అది 1898 జనవరి. ఆ యంకెలను తిన్నగా చదివి కర్మశాల సంఖ్యయని భ్రమపడువారు నేటికిని గలరు.

మన దేశమునకు వచ్చిన గడియారములలో ఫలకముపై నున్నది పెక్కుసారులు అమ్మినవారి పేరే. హైదరాబాదులోని సాలార్జంగు మ్యూజియమున గంటగంటకు చిన్న మనిషి బయటికి వచ్చి గంట కొట్టిపోవు గడియారమును చూడని తెలుగువారు తక్కువ. మధ్యాహ్నము పండ్రెండు కొట్టువేళకు పిల్లలను ముందు కూర్చుండబెట్టుకొని జనులు కాచుకొనియుందురు. అది ఇంగ్లండున చేసిన భాగములను కలకత్తాలో కుక్కు, కెల్వీ సంఘమువారు కూర్చినది. కూర్చినవారి పేరు మిగిలినది; భాగములను రాకినవారి పేర్లు మిగులలేదు.

మా మామగారి గడియారముపైనను ఒక మదరాసు దుకాణపు పేరున్నది. వెనుకతట్టు విప్పి, పలకపైని నూనెజిడ్డును బట్టతో మెల్లగా తుడువగా, ఎనిమిది కోణముల నక్షత్రమును, దాని నడుమ నొక యింగ్లీషు అక్షరమును కనబడెను. అది జర్మనీలో నల్లయడవి ప్రాంతమున ష్రాంబర్గు పట్టణమందలి యుంఘాన్సు కర్మశాలవారి ముద్ర. ఆ కర్మశాల పుట్టినదే 1861లో. ఎనిమిది కోణముల నక్షత్రము వారి గురుతైనది 1890లో. క్రింద ఇంగ్లీషు రెండవ యక్షరమును, 08 అను సంఖ్యయు నున్నవి. వారు సంవత్సరపు పూర్వార్ధమునకు మొదటి యక్షరమును, ఉత్తరార్ధమునకు రెండవ యక్షరమును వేయుదురు. అనగా 1908వ సంవత్సరపు రెండవ సగము. కంపెనీవారి పాలన ముగిసి అప్పటికి ఏబదియేండ్లు.

మామగారితో ఈ మాట చెప్పుటకు నాకు నోరాడలేదు. చెప్పితిని. ఆయన చాలసేపు మాటాడక, "మా నాయనగారు అబద్ధమాడెడివారు కారు" అనిరి. కారనియే నేనును నమ్ముచున్నాను. వినినదానిని చెప్పియుందురు.

సాయంకాలము మా అత్తయ్యగారు అటకమీదినుండి పాత చిట్టాల మూట దింపించిరి. నక్షత్రము చెప్పిన సంవత్సరమునుండి వరుసగా పుటలు త్రిప్పుచు పోగా, 1910 వేసవిలో ఒక పంక్తి కనబడెను: గోడ గడియారము, 14 రూపాయలు, నేతి పద్దునుండి. నేతి పద్దు మామగారి నాయనమ్మగారిది. పాడి యామె చూచుకొనెడిది. నెయ్యి యమ్మిన డబ్బు వేరుగా వ్రాయించుకొనెడిదట. ఆమె యందులకు గడియారము కొన్నదో అత్తయ్యగారు విన్నది వేరుగా నున్నది. పిల్లలు బడికి ఆలస్యముగా పోయి దెబ్బలు తినుచున్నారని కొన్నదట. ఆ మాట యింటి మగవా రెవ్వరును పెండ్లిచూపులవారికి చెప్పినట్లు లేదు.

యంత్రపు పలకలోపలి వైపున సూదితో గీచిన గీతలు నాలుగైదు కలవు. బాగుచేసినవారు తమ గురుతుకై గీచుకొను తేదీలవి. రెండు తెలుగు అంకెలలో నున్నవి. మెరుగుపెట్టించిన యెడల అవి పోవును గనుక మెరుగు వద్దంటిని. రంగును, క్రొత్త యంకెలును వద్దంటిని. మామగారు వినిరి. గడియారమిప్పుడు నడచుచున్నది, వారమునకు నాలుగైదు నిమిషములు వెనుకబడును. పోయిన సంక్రాంతికి నేను వెళ్లినప్పుడు తలుపు తెరచి చూడగా, లోపల ఆయన స్వహస్తముతో వ్రాసిన చిన్న కాగిత మంటించియుండెను. దానిపై ఆ చిట్టాలోని పంక్తియు, నాయనమ్మగారి పేరును ఉన్నవి.