బియ్యపు బువ్వ నుంచి జొన్నరొట్టె దాకా: పాలమూరు హోటళ్ల కథ

సురవరం ప్రతాపరెడ్డి గద్వాల సంస్థానం బిడ్డ. 1952లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు గెలిచాడు. అంతకు మూడేళ్ల ముందు అచ్చయిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల యుద్ధాలను పక్కకు జరిపి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని ఆరా తీసింది. ఆయన 1953లో కన్నుమూశాడు. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ పుస్తకానికే వచ్చింది. పాత కావ్యాలను జల్లెడ పట్టి ఆయన బయటికి తీసిన సంగతుల్లో పూటకూళ్ల ఇళ్లు ఒకటి. ‘క్రీడాభిరామం’లో ఓరుగల్లు పూటకూళ్ల ఇంట ఒక్క రూకకు దొరికిన భోజనం చూస్తే ఇప్పటి హోటల్ యజమానికి కూడా కన్ను చెదురుతుంది: మేలురకం బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు.

అది రాజధాని నగరం సంగతి. కృష్ణకు అటూ ఇటూ ఉన్న పాలమూరు నేలలో డబ్బిచ్చి అన్నం తినడమనేది చాలాకాలం జనానికి అలవాటు లేని పని.

ఇక్కడ వచ్చిపోయేవాళ్లకు తిండి పెట్టిన చోట్లు మూడు: రాజుగారి వాకిలి, గుడి, సత్రం. 18వ శతాబ్దం తొలినాళ్లలో సోమనాద్రి గద్వాల కోట కట్టించిన తర్వాత ఆ సంస్థానానికి పండితుల రాకపోకలు పెరిగి, ‘విద్వద్గద్వాల’ అన్న పేరు వచ్చింది. వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలు కూడా తీసిపోలేదు. తిరుపతి వేంకటకవుల వంటి అవధానులు కోస్తా నుంచి ఇంత దూరం వచ్చారంటే సన్మానం మీది ఆశ ఒక్కటే చాలదు, దారిపొడవునా కూడు పెట్టే ఇల్లుండాలి. అలంపురం, శ్రీశైలం పోయే యాత్రికులకు సత్రాలు దిక్కయ్యాయి. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య కృష్ణ దాటి వనపర్తి మీదుగానే హైదరాబాదు చేరాడు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ మజిలీ మజిలీకీ చూసుకున్నది ఊళ్లో వంట సామాను దొరుకుతుందా, దిగడానికి చోటుందా అన్నదే. వండిన అన్నం కొనుక్కోవడం ఆయన లెక్కలో లేదు. పరివారం వెంట ఉన్న పెద్దమనిషి సంగతే అట్లా ఉంటే, కాలినడకన పోయే రైతుకు నడుముకు కట్టుకున్న సద్దిమూటే హోటల్. నాలుగు జొన్నరొట్టెలు, ఎల్లిగడ్డ కారం, ఓ ఉల్లిగడ్డ ఉంటే రెండు రోజుల ప్రయాణం గడిచిపోయేది.

పైసా ఇచ్చి కూర్చుని తినే చోటు శ్రామికులకు అసలే లేదనడానికి మాత్రం వీల్లేదు. కల్లు దుకాణం ఉంది. సాయంత్రం కల్లు ముంత పక్కన గుడాలు, బోటి, తలకాయ కూర అమ్మే ఆడవాళ్లు ఈ ప్రాంతపు తొలితరం చిరు హోటలుదారులు. పెబ్బేరులో శనివారం జరిగే పశువుల సంత లాంటి చోట ఎడ్లబేరం తెగాక మిర్చిబజ్జీ, మాంసం కూర తినడం బేరంలో భాగమే. మర్యాదస్థుల చరిత్రలు ఈ తిండిని లెక్కలోకి తీసుకోలేదు గానీ, పాలమూరు బయటి తిండికి అసలు పునాది ఇక్కడే పడింది.

ఆ తర్వాత రైలొచ్చింది. 20వ శతాబ్దం రెండో దశకంలో సికింద్రాబాదు నుంచి గద్వాల వైపు మీటర్‌గేజి మార్గం పడింది. తర్వాత కర్నూలు దాకా పోయింది. వనపర్తి పట్నానికి రైలు అందలేదు. దాని పేరుతో ఉన్న వనపర్తి రోడ్ స్టేషను మదనాపురంలో ఉంది. నాగర్‌కర్నూల్‌కు ఇప్పటికీ రైలు లేదు. ఈ తేడా మూడు పట్నాల తిండిలోనూ కనిపిస్తుంది. గద్వాలలో స్టేషన్ దారి బలపడితే, మిగతా రెండు చోట్లా బస్సు ఆగే కూడలే తిండికి కేంద్రమైంది. 1932లో నిజాం ప్రభుత్వం రైల్వే శాఖ కింద 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. 1958లో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడింది. బస్సు కోసం, రైలు కోసం, కోర్టు పిలుపు కోసం, తాలూకా కచేరీలో సంతకం కోసం ఎదురుచూసే జనం పెరిగారు. పాలమూరు హోటళ్లను పుట్టించింది తీరికా కాదు, సరదా కాదు. ఈ ఎదురుచూపే.

తొలుత వచ్చింది చాయ్. ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు హైదరాబాదులో పెట్టిన కేఫ్‌ల ప్రభావం జిల్లాలకు పాకింది. 1930ల్లో టీ కంపెనీలు ఊరూరా తిరిగి చాయ్ రుచి మరిగించే ప్రచారం చేశాయి. ఇంకోవైపు దక్షిణ కన్నడ నుంచి బయల్దేరిన ఉడిపి వాళ్లు ఇడ్లీ, దోశ, కాఫీని మద్రాసు నుంచి హైదరాబాదు దాకా తెచ్చారు. అబిడ్స్‌లో తాజ్‌మహల్ హోటల్ 1948లో మొదలైంది. జిల్లా పట్నాల్లో ‘శాకాహార భోజన హోటల్’ బోర్డులకు నమూనా అదే. నడిగడ్డకు మూడో దారి కూడా ఉంది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ గడ్డకు ఒకవైపు రాయచూరు, మరోవైపు కర్నూలు. గద్వాల పొద్దుటి టిఫిన్లో ఉగ్గాని, బజ్జీ చేరింది ఆ ఇరుగుపొరుగు వల్లే. బొరుగులను నీళ్లలో ముంచి వెంటనే పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, పసుపు తాలింపులో కలిపి, పైన పుట్నాలపొడి చల్లి, పక్కన వేడి మిర్చిబజ్జీ పెడతారు. పది నిమిషాల్లో తయారయ్యే ఈ తిండి బస్సు పట్టుకోవాల్సిన మనిషికి సరిగ్గా సరిపోయింది.

హోటల్ తలుపు అందరికీ తెరిచి లేదు. బల్ల ముందు ఎవరు కూర్చోవాలి, ఎవరు బయట నిలబడాలి అన్నది కులం తేల్చేది. తెలుగు పల్లెల్లో చాయ్ దుకాణాల రెండు గ్లాసుల పద్ధతి తెలియనిది కాదు. దళితుడు తాగిన గ్లాసు వేరే గూట్లో, ఆయనే కడుక్కోవాలి. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలతో పాటు హోటళ్లను పేరు పెట్టి మరీ చెప్పింది, కులం పేరుతో ఎవరినీ ఆపరాదని. 1955లో అంటరానితనం నేరాల చట్టం దానికి శిక్ష జోడించింది. చట్టంతో పాటు పట్నపు రద్దీ కూడా కొంత పని చేసింది. ఊరి చాయ్ దుకాణంలో మనిషి కులం అందరికీ తెలుసు. బస్టాండు హోటల్లో టోకెన్ తీసుకుని కూర్చున్న మనిషి కులం సప్లయర్‌కు తెలియదు. పల్లె నుంచి పట్నానికి వచ్చిన చాలామందికి హోటల్ భోజనంలోని మొదటి రుచి అదే.

రెండో రుచి అన్నం. పాలమూరు మెట్టనేల, జొన్న తిన్న దేశం. బియ్యపు బువ్వ పండుగకో, పెళ్లికో. పనిమీద పట్నానికి పోయిన రైతు ‘ప్లేట్ మీల్స్’ చెప్పి, వేడి అన్నం, పప్పు, చారు, మజ్జిగ కడుపునిండా తినడమంటే ఇంట్లో లేని భోగం. ఊరికి తిరిగొచ్చి హోటల్లో తిన్నానని చెప్పుకోవడంలో గొప్ప ఉండేది. 1959లో వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్ కాలేజీ నడవడం మొదలయ్యాక ఆ పట్నానికి మరో రకం గిరాకీ వచ్చింది. ఊరుగాని ఊరి నుంచి వచ్చి, గదుల్లో ఉండి చదువుకునే కుర్రవాళ్లకు నెలవారీ లెక్క మీద నడిచే మెస్సులు కావాలి. మెస్సులో ముఖపరిచయం, అరువు, ఇంటి వంట మూడూ ఉంటాయి. హోటల్‌కు, ఇంటికి మధ్య మెట్టు అది.

ఇదే కాలంలో బస్టాండ్లలో ఇంకో దృశ్యం. తట్ట, పార, పిల్లాపాపలతో ప్రాజెక్టుల పనికి, బొంబాయికి, పుణెకు పోయే వలస కూలీలు హోటల్ గోడ పక్కనే కూర్చుని సొంత మూట విప్పుకునేవాళ్లు. దేశంలో ఎన్నో ఆనకట్టలకు రాళ్లెత్తిన ‘పాలమూరు లేబర్’కు ఆ హోటల్ లోపలి బల్ల ఖరీదైన వస్తువు. బయటి తిండి చరిత్ర రాసేటప్పుడు బయటే కూర్చున్నవాళ్లను వదిలేస్తే లెక్క తప్పుతుంది.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. ఇంటింటికీ అన్నం చేరింది, జొన్న మెల్లగా తగ్గింది. హోటల్ అన్నానికి ఉన్న మోజు పోయింది. ఇక హోటల్ కొత్త ఆకర్షణ వెతుక్కోవాలి. దోశ, పూరీ ముందుకొచ్చాయి, వాటి వెనకే బిర్యానీ. పల్లి బాగా పండే నేల కాబట్టి ఇక్కడి టిఫిన్ సెంటర్లలో పల్లీ చట్నీ చిక్కగా ఉంటుంది. అది సరిగా లేకపోతే ఇడ్లీ ఎంత మెత్తగా ఉన్నా గిరాకీ రెండోరోజు పక్క బండి దగ్గరే.

నీళ్లు, రోడ్లు ఆ తర్వాతి మలుపు. 1981లో శంకుస్థాపన జరిగిన జూరాల ప్రాజెక్టు 1990ల మధ్యకు నీళ్లు నిలుపుకుంది. నీళ్లతో చేపలు, చేపలతో పొయ్యిలు వచ్చాయి. డ్యాం దగ్గర కృష్ణ చేపకు కారం పట్టించి నూనెలో వేయించి ఇచ్చే హోటళ్లు ఇవాళ గద్వాల, వనపర్తి జిల్లాల వాళ్లకు ఆదివారపు మజిలీ. గేట్లెత్తిన రోజైతే చెప్పనక్కర్లేదు, నీళ్లు చూడ్డానికి వచ్చినవాళ్లకంటే ముక్కలకు వచ్చినవాళ్లే ఎక్కువేమో అనిపిస్తుంది. పనిలేకపోయినా తినడానికే బయల్దేరి పోవడమన్నది ఈ ప్రాంతంలో జనానికి అలవాటు చేసిన చోట్లలో జూరాలది ముందు వరస. ఏడో నంబరు, ఇప్పటి 44వ నంబరు జాతీయ రహదారి వెడల్పయ్యాక కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి చౌరస్తాల్లో ధాబాలు లేచాయి. నాగర్‌కర్నూల్ జిల్లాలో కల్వకుర్తి, అచ్చంపేట, మన్ననూరు మీదుగా పోయే శ్రీశైలం దారి యాత్రికుల టిఫిన్లతో బతుకుతోంది. ఒకనాటి సత్రం చేసిన పనినే ఇప్పుడు అక్కడి హోటళ్లు బిల్లు వేసి చేస్తున్నాయి.

ఆడవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. చాలాకాలం హోటల్ మగవాళ్ల చోటు. ఇంటావిడ అక్కడ కూర్చుని తినడం మర్యాద కాదనుకునేవాళ్లు. తిన్నా ఇంటికి తెచ్చిన పార్సిలే, అరటాకులోనో పాత పేపరులోనో కట్టిన ఇడ్లీ. తర్వాత వచ్చిన ‘ఫ్యామిలీ సెక్షన్’ ఓ మూల కట్టిన పర్దా, నాలుగు కుర్చీలు. అంతే అయినా ఆ పర్దా చిన్న విషయం కాదు. డెలివరీకో, చీరలకో పట్నం వచ్చిన ఇల్లాలు వేడిగా ఓ దోశ తినగలిగింది అక్కడే. ఇప్పుడు బోర్డే ‘ఫ్యామిలీ రెస్టారెంట్’ అయింది. పర్దా పోయి ఏసీ వచ్చింది. పుట్టినరోజు కేకు కోయడానికి ఓ బల్లను ముస్తాబు చేసి ఉంచుతున్నారు.

2016 అక్టోబర్ 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ ఒకేరోజు జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు, కొత్త ఉద్యోగులు, అర్జీలు పట్టుకుని వచ్చే జనం, వీళ్లందరికీ మధ్యాహ్నం ఒంటిగంటకు అన్నం కావాలి. 2022 నవంబరులో వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. రోగుల బంధువులు, విద్యార్థులు వచ్చారు. గద్వాలకు చీరల వ్యాపారులు, పత్తి విత్తనాల కంపెనీల మనుషులు ముందునుంచే వస్తున్నారు. అక్కడి చీరకు 2010లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. ఉద్యోగాలు చేసే జంటల కోసం కర్రీ పాయింట్లు పెరిగాయి. నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బుల వారసులుండే హైదరాబాదు బార్కాస్ నుంచి మండీ అనే మాంసపు అన్నం బయల్దేరి, ఈ పట్నాల దాకా వచ్చింది. ఒకే పెద్ద పళ్లెం చుట్టూ నలుగురు కూర్చుని తినడం ఇప్పుడు కుర్రకారు సరదా. ఆ నలుగురి తాతలు ఒకే బంతిలో కూర్చునేవాళ్లు కాకపోవచ్చు.

ఇంతలో జొన్న తిరిగొచ్చింది, ఈసారి ఇంటికి కాదు, రోడ్డు మీదికి. సాయంత్రం ఐదు దాటితే కూడళ్లలో కట్టెల పొయ్యిలు వెలుగుతాయి. వేడినీళ్లతో కలిపిన పిండిముద్దను రొట్టెలు చేసే ఆవిడ పీట మీద పెట్టి అరచేత్తో తడుతూ తిప్పుతుంది. అంచు పగలకుండా గుండ్రంగా, పలచగా వచ్చాక పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో ఒక్కసారి అద్ది, తిరగేస్తుంది. రొట్టె పొంగితే పిండి కుదిరినట్టు. షుగర్ ఉన్నవాళ్లు, డాక్టర్ అన్నం తగ్గించమన్నవాళ్లు, బైకులు ఆపి పదేసి రొట్టెలు కట్టించుకుపోతారు. ఇంట్లో పిండి కలపడం వచ్చినవాళ్లు తక్కువ, ఓపికున్నవాళ్లు ఇంకా తక్కువ. తాత అన్నం తినడానికి హోటల్‌కు పోయాడు, మనవడు రొట్టె కోసం పోతున్నాడు. ఇల్లూ హోటలూ తిండిని అటూ ఇటూ మార్చుకోవడానికి రెండు తరాలు పట్టింది.

ఈ మార్పులో లాభం అందరికీ సమంగా అందలేదు. ఏసీ రెస్టారెంటుకు చోటుంది, కరెంటుంది, బ్యాంకు అప్పుంది. రొట్టెలావిడకు మురుగుకాలువ పక్కన ఆరడుగుల జాగా, అదీ ఎవరైనా లేవమనే దాకానే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో వెండింగ్ కమిటీ ఉండాలి, అమ్మేవాళ్లను గుర్తించాలి, చోట్లు కేటాయించాలి. 2020లో పీఎం స్వనిధి వచ్చినప్పుడు తొలివిడతగా 10,000 రూపాయల అప్పు దొరికేది. అప్పు కంటే ముందు కావలసింది చోటు. మూడు మున్సిపాలిటీలూ సాయంత్రపు రొట్టెల పొయ్యిలకు ఓ వరస, ఓ నల్లా, ఓ దీపస్తంభం ఇవ్వగలవు. పెద్ద ఖర్చేమీ కాదు. వార్డు సభలో ఈ మాట అడగాల్సింది ఆ రొట్టెలు కట్టించుకుపోయే పట్నవాసులే.