వెచ్చని గొంతు – ఒక దోషం గుణమైన చరిత్ర

ధ్వనికి స్పర్శగుణాన్ని ఆరోపించడం మన భాషకు కొత్త కాదు. గొంతు మెత్తన అంటాం, మాట కరుకు అంటాం, పలుకు చల్లన అంటాం. అయితే "వెచ్చని ధ్వని" అన్న ప్రయోగం మాత్రం మన నిఘంటువులది కాదు. రికార్డింగు స్టూడియోల వారు తెచ్చిపెట్టినది. ఇంట్లో ఒక మైకు, ఒక కంప్యూటరు అమర్చుకొని పద్యాలో పాటలో రికార్డు చేసుకొనేవారికి ఏదో ఒకనాడు ఈ మాట ఎదురుకాక తప్పదు. "మీ మైకు బాగానే ఉంది, ప్రీయాంప్లిఫయరు మార్చండి, గొంతు వెచ్చగా వస్తుంది" అని తెలిసినవారు సలహా చెబుతారు. అంగడికి వెళితే ఆ పెట్టె వేల రూపాయలకూ ఉంది, లక్షలకూ ఉంది. ఈ వెచ్చదనం ఏమిటో, ఎక్కడ పుట్టిందో తెలుసుకోకుండా పింఛను డబ్బు వెచ్చించడం భావ్యం కాదనిపించి, దాని పుట్టుపూర్వోత్తరాలు వెదకనారంభించాను.

నా అవసరం చిన్నదే గాని తేలికైనది కాదు. పద్యాన్ని రాగయుక్తంగా చదవగల పెద్దల గొంతులను ఒక్కొక్కటిగా భద్రపరుస్తున్నాను. వారిలో కొందరు ఎనభై దాటినవారు. ఈనాడు పలికిన పద్యాన్ని మరుసటి ఏడు అదే ఊపిరితో పలుకుతారన్న భరోసా లేదు. వారి గొంతుకూ రేపటి శ్రోతకూ నడుమ నేను ఏ యంత్రాన్ని నిలుపుతానో, అది పూసిన రంగు ఆ గొంతుకు శాశ్వతంగా అంటుకొంటుంది. కనుక ఎంపికలో తొందర కూడదు.

ముందుగా ఈ యంత్రం చేసే పని చెప్పుకొందాం. మాట తాకిడికి మైకులో పుట్టే విద్యుత్తు బహు స్వల్పం. సాధారణంగా వోల్టులో వెయ్యో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. రికార్డు చేసే యంత్రానికి దాదాపు ఒక వోల్టు కావాలి. అంటే వెయ్యి రెట్లు పెంచాలి. దీన్నే ఇంజినీర్లు 60 డెసిబెల్ అంటారు. ధ్వని ప్రయాణంలో ఇంతగా పెంచే ఘట్టం మరొకటి లేదు. ఇక్కడ చేరిన గుసగుస వెయ్యి రెట్లవుతుంది, ఇక్కడ చేరిన మచ్చ చివరిదాకా వెంట వస్తుంది.

గ్రామఫోను తొలినాళ్లలో ఈ బాధ లేదు, ఎందుకంటే అసలు విద్యుత్తే లేదు. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ పాటను రికార్డు చేసినప్పుడు ఆమె పాడినది ఒక పెద్ద కొమ్ముబూరలోకి. ఆ గొంతు బలమే సూదిని కదిపి మైనంపై గీతలు గీసింది. మెల్లగా పాడేవారికి అక్కడ చోటు లేదు. 1906లో లీ డి ఫారెస్ట్ గాజుబుడ్డిలో మూడో ఎలక్ట్రోడును చేర్చి ఆడియాన్ అనే వాల్వును రూపొందించాడు. అది బలహీనమైన సంకేతాన్ని పెంచగలదని తరువాతి పరిశోధకులు గ్రహించారు. 1917 ప్రాంతంలో వెంటె అనే శాస్త్రవేత్త కండెన్సరు మైకును లోకానికి పరిచయం చేశాడు. దాని సంకేతం ఎంత సున్నితమంటే, పక్కనే ఒక వాల్వు లేకపోతే బయటి తీగ దాటలేదు. అలా మైకూ ఆంప్లిఫయరూ పుట్టుకతోనే జంట అయ్యాయి. 1925లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ పద్ధతిని విక్టర్, కొలంబియా కంపెనీలు స్వీకరించడంతో విద్యుత్ రికార్డింగు యుగం మొదలైంది. చెవిలో చెప్పినట్టు పాడే గాయకులు అప్పటినుంచే పుట్టారు. అరవనక్కరలేని గానం ఆంప్లిఫయరు పెట్టిన భిక్ష.

ఆ తరువాత నలభై ఏళ్లు వాల్వులదే రాజ్యం. జర్మనీ రేడియో కేంద్రాల కోసం 1950లలో టెలిఫుంకెన్ మొదలైన సంస్థలు చేసిన వి72 ఆంప్లిఫయరు ఆ కాలపు రత్నం. దాని తోబుట్టువైన వి72ఎస్‌ను లండన్ అబే రోడ్ స్టూడియోలో ఇ.ఎం.ఐ. వారు తమ రెడ్.37 మిక్సింగు బల్లలో వాడారు. తరువాతి రెడ్.51 బల్లకు రెడ్.47 అనే ఆంప్లిఫయరును తామే తయారుచేసుకొన్నారు. ఒక సంగతి గమనించండి. ఈ ఇంజినీర్లలో ఎవరూ వెచ్చదనం కోసం పాటుపడలేదు. వచ్చిన ధ్వనిని వచ్చినట్టు పంపడమే వారి ధ్యేయం. వాల్వూ, దాని ముందువెనుకల నిలిచిన ఇనుప ట్రాన్స్‌ఫార్మర్లూ సంకేతాన్ని కొద్దిగా వంచితే, అది వారి కంట్లో నలుసు.

1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టింది. అది స్టూడియోల్లో కుదురుకోవడానికి పదిహేనేళ్లకు పైగా పట్టింది. 1966లో న్యూమన్ సంస్థ నార్వే రేడియోకు ట్రాన్సిస్టరు మైకును చూపినప్పుడు, అక్కడి స్టూడియోల్లో అత్యవసర దీపాల కోసం 48 వోల్టుల సరఫరా సిద్ధంగా ఉందట. మైకుకూ అదే వాడారు. నేటికీ మన ఇంటి పెట్టెల మీద కనిపించే 48వి అన్న మీట ఆ దీపాల వారసత్వమే. ఇంగ్లండులో రూపర్ట్ నీవ్ 1964లో ఫిలిప్స్ రికార్డుల సంస్థకు ట్రాన్సిస్టరు పరికరాలు చేసి ఇచ్చాడు. 1970లో వెసెక్స్ స్టూడియో బల్ల కోసం ఆయన సంస్థ రూపొందించినదే 1073 అనే మాడ్యూలు. వెచ్చదనానికి పర్యాయపదంగా ఈనాడు అందరూ చెప్పే పేరు అదే. అందులో ఒక్క వాల్వు కూడా లేదు! ఉన్నవి విడివిడి ట్రాన్సిస్టర్లూ, బరువైన ట్రాన్స్‌ఫార్మర్లూ. వాల్వు ఉంటేనే వెచ్చన, ట్రాన్సిస్టరయితే కరుకు అన్న సూత్రం చరిత్ర ముందు నిలవదు. 1968లో అబే రోడ్‌కు ట్రాన్సిస్టరు బల్ల వచ్చింది. మరుసటి ఏడు బీటిల్స్ బృందం దాని మీద పాడిన పాటల ధ్వని మునుపటికంటె మెత్తబడిందనే ఇంజినీరు జెఫ్ ఎమెరిక్ తన జ్ఞాపకాలలో చెప్పాడు. పాత వాల్వు బల్ల మీదనే 1968లో 'రెవల్యూషన్' పాట గిటారును రెండు ప్రీయాంప్లిఫయర్ల గుండా మోతాదు మించి తోసి, కావాలని బొంగురు పుట్టించారు. దోషాన్ని కోరి తెచ్చుకోవడం అప్పటికే మొదలైందన్నమాట.

ఈ దోషం స్వరూపాన్ని విప్పి చూపినవాడు రస్సెల్ హామ్. 1973లో ఆడియో ఇంజినీరింగు సొసైటీ పత్రికలో ఆయన వ్యాసం వెలువడింది. గాయకుడు గట్టిగా అందుకొన్నప్పుడు ప్రీయాంప్లిఫయర్లు తరచు మోతాదు మించుతాయనీ, అప్పుడు ఒక్కొక్క జాతి ఒక్కొక్క రకంగా వంగుతుందనీ ఆయన కొలిచి చూపాడు. ట్రయోడు వాల్వు మూలస్వరానికి ప్రధానంగా రెండో అనుస్వరాన్ని చేరుస్తుంది. ఆయన పరీక్షించిన ట్రాన్సిస్టరు పరికరాల్లో మూడోది ముందుకు వచ్చింది. సంగీతం తెలిసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. షడ్జమానికి రెండో అనుస్వరం పైస్థాయి షడ్జమం, మూడోది ఆ పైస్థాయి పంచమం. తంబురా మీటినప్పుడు ఎవరూ మీటని అంతరగాంధారం వినిపిస్తుందే, స్వయంభువు అంటామే, అది అయిదో అనుస్వరం. తీగకూ బ్రిడ్జికీ నడుమ నూలుపోగు సరిగ్గా అమరితేనే ఆ జీవం పలుకుతుంది. వీణా తంబురాల ఈ ప్రత్యేకతను సి.వి. రామన్ 1921లోనే శాస్త్రీయంగా చర్చించారు. మన పూర్వులు తంబురాలో నూలుపోగుతో సాధించినదాన్ని వారు గాజుబుడ్డితో, ఇనుముతో అనుకోకుండా సాధించారని నాకు తోస్తుంది. రెంటిలోనూ జరిగేది మూలస్వరానికి బంధువులను పిలవడమే.

అలంకారశాస్త్రం చదివినవారికి ఇందులో వింత లేదు. భోజుడు సరస్వతీకంఠాభరణంలో వైశేషిక గుణాలను చెప్పాడు. సాధారణంగా దోషమైనది సందర్భబలం చేత గుణమవుతుంది. పునరుక్తి దోషమే, కాని దుఃఖంలో ఉన్నవాడు ఒకే మాటను మళ్లీమళ్లీ అంటే అది రసపోషకం. ప్రీయాంప్లిఫయరు వంపు కూడా అటువంటిదే. 1980ల తరువాత డిజిటల్ రికార్డింగు వ్యాపించి, టేపు సహజంగా చేసే మెత్తదనం పోయేసరికి ఆ పాత వంపుల విలువ పెరిగింది. పాత బల్లలను విప్పి మాడ్యూళ్లను ఒక్కొక్కటిగా అమ్ముకొన్నారు. నీవ్ 2021లో తొంభై నాలుగో ఏట కన్నుమూసేనాటికి, ఆయన యౌవనంలో నిర్మూలించ యత్నించిన స్వల్పదోషాలను అనుకరించే సాఫ్టువేరులు ఎన్నో వచ్చాయి.

ఇక ఎంపిక మాట. వెచ్చదనానికి మొదటి కారణం మైకుకూ నోటికీ ఉన్న దూరం. ఒకే దిక్కు వినే మైకుకు జానెడు దూరంలోకి జరిగితే మంద్రస్వరాలు వాటంతటవే బలపడతాయి. రెండోది గది. సున్నపు గోడల ప్రతిధ్వనిని ఏ పెట్టె కూడా వెచ్చబరచలేదు. దుప్పట్లూ పుస్తకాల బీరువాలూ దానికంటె మేలు. మూడోది ప్రీయాంప్లిఫయరు. దాని రంగు కూడా కొంత గట్టిగా తోసినప్పుడే తేలుతుంది. మెల్లగా నడిపినంతసేపు మంచి పెట్టెల మధ్య భేదం బహు స్వల్పం. చౌక పెట్టెల్లో కొన్నిటి ముందుభాగాన ఎర్రగా వెలిగే వాల్వు ఉంటుంది. దానికి తగినంత వోల్టేజి అందకపోతే అది పనివాడు కాదు, దీపం మాత్రమే. డైనమిక్ మైకు వాడేవారు రంగుకంటె ముందు చూడవలసినది, 60 డెసిబెల్ దాకా పెంచినా గుసగుస రాకుండా ఉంటుందా అన్నది.

సొంత పాటకు రూపం దిద్దుకొనేవారు ట్రాన్స్‌ఫార్మరున్న పెట్టెనో నిజమైన వాల్వు పెట్టెనో హాయిగా ఎంచుకోవచ్చు. అక్కడ రంగు వారి రచనలో భాగం. నేను మాత్రం రంగులేని పెట్టెనే ఎంచుకొన్నాను. రంగు కావాలంటే రేపు ఒక ప్రతి తీసి దానికి పూయవచ్చు. మూలంలో కలిసిన రంగును ఎవరూ విడదీయలేరు. తాళపత్రానికి ప్రతి రాసే లేఖకుడు తనకు నచ్చిన పాఠాన్ని మూలంలో జొప్పించకూడదని మా గురువులు చెప్పేవారు. పెద్దాయన పద్యం నడుమ ఆగి తీసుకొన్న ఊపిరి, పళ్లు పోయిన నోట సకారం పలికిన తీరు, అవి కూడా పాఠమే. వాటిని ఉన్నవి ఉన్నట్టు వెయ్యి రెట్లు చేసి అప్పగించగలిగితే నా పెట్టె తన పని చేసినట్టే.