బావోంగ్ బండి

ఛార్జీ చెల్లింపక బండి యెక్కువాడు ఏ దేశమందైనను ఒక మూల నొదిగి నిలుచును. అట్టివానికి కాంటనీయుల వాడుకభాషలో రాజబిరుద మున్నదన్నచో మన పాఠకులు నవ్వుదురేమో! హాంకాంగులో ట్రామునుగాని, రైలునుగాని, టాక్సీనిగాని యూరక యెక్కుటను ‘దాప్ బావోంగ్ చే’ యందురు. బావోంగ్ బండి యెక్కుట యని దాని యర్థము. తిని పైకమీయక పోయినచో నది బావోంగ్ భోజనము. బావోంగ్ అనగా బలముచే నందఱిపైని పెత్తనము చేయు ప్రభువు.

చీనా చరిత్రలో నీ బిరుదము వినగనే స్ఫురించువాడు షియాంగ్ యూ. చిన్ సామ్రాజ్యము కూలినపిమ్మట క్రీ. పూ. 206లో నతడు ‘పశ్చిమ చూ దేశపు బావాంగ్’ అని తన్ను ప్రకటించుకొనెను. ఉత్తరాదివారి పలుకుబడిలో నది బావాంగ్. లొంగిపోయిన చిన్ సైనికులను రెండులక్షలమందిని చంపించెననియు, షియాన్యాంగ్ రాజభవనములకు నిప్పు పెట్టింపగా మూడు నెలలు మండెననియు సుమా చియెన్ తన ‘షిజీ’లో వ్రాసెను. అట్టి బిరుదము ఊరక పుచ్చుకొనువారికి అంటుకొనుట వింత గాదు.

కాని యూరక యెక్కువారందఱును బలవంతులా? 1966 ఏప్రిలులో హాంకాంగు స్టార్ నౌకల మొదటితరగతి ఛార్జీని 5 సెంట్లు పెంచబూనగా నొక యువకుడు రేవుకడ నిరశనవ్రతము పట్టెను. పోలీసులు వానిని నిర్బంధించిరి. పిమ్మట కౌలూనులో నల్లరులు చెలరేగి యొకడు మరణించెను. రెండవతరగతి ఛార్జీ పెరుగలేదు గదా, బీదల కేమి నష్టమని కొందఱడుగుదురు. దాని వెంట తక్కిన వెలలన్నియు పెరుగునను భయమే జనులను వీథి కెక్కించినది. కాసు లేక యెక్కువానిని, కండకావరమున నెక్కువానిని ఈ మాట యొక్క త్రాటనే కట్టుచున్నది. ఇది మాకు నచ్చలేదు.

రేవు మాట వచ్చినది గనుక ఆ బావాంగ్ తుదికథయు చెప్పవలయును. క్రీ. పూ. 202లో ల్యూ బాంగ్ సేనలచే నోడి షియాంగ్ యూ ఊజియాంగ్ రేవు చేరెను. అచ్చటి యధికారి పడవ సిద్ధపఱచి, వేఱెవ్వరికిని పడవ లేదనియు, వెంటనే దాటుమనియు వేడెను. కేవు మాటయే లేదు. షియాంగ్ యూ నవ్వెను. తనతో ఆ నది దాటివచ్చిన 8000 మంది పడుచువారిలో నొక్కడును మరలలేదనియు, వారి పెద్దలకు మొగము చూపజాలననియు చెప్పెను. అయిదేండ్లు తానెక్కిన గుఱ్ఱమును ఆ పడవవానికిచ్చి, కాలినడకను శత్రువుల కెదురేగెను.