నిమ్మ వెళ్ళింది, మిరప వచ్చింది



సత్రపట్టిలో మగ్గం దగ్గర నుంచి లేచి, చద్దన్నంలో పచ్చిమిరపకాయ కొరుక్కుని తినేవారికి, ఆ కాయ ఒకప్పుడు మన పూర్వులు ఎరగనిదంటే నమ్మబుద్ధి కాదు. అయినా అది నిజం. ఈ సంగతి చెప్పుకోవడానికి మెక్సికో దేశపు చల్లని రొయ్యల వంటకం ఒకటి సాయపడుతుంది. దాని పేరు అగ్వచిలే. 'అగ్వ' అంటే నీరు, 'చిలే' అంటే మిరప. ఆ దేశపు పడమటి తీరంలోని సినలోవా రాష్ట్రం దీనికి పుట్టిల్లు. మొదట్లో అక్కడి కొండవాళ్ళు ఎండుమాంసాన్ని మిరపనీళ్ళలో నానబెట్టుకు తినేవారనీ, తీరంలో అది రొయ్యల వంటకంగా మారిందనీ చెబుతారు.

ఇందులో మిరప ఒక్కటే అక్కడి సొంత పంట. వేల ఏళ్ళుగా వాళ్ళు పండిస్తున్నారు. కొలంబస్ 1493లో దాన్ని స్పెయిన్‌కు చేర్చాడు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ఓడల్లో మన పడమటి తీరానికి వచ్చింది. అంతకుముందు మన కూరల్లో కారమంటే మిరియాలు, పిప్పళ్ళు, అల్లమే. అరవంలో 'మిళగాయ్' అంటే మిరియపు కాయ అనే కదా అర్థం! కొత్త కాయకు పాత కారం పేరే పెట్టుకున్నారు.

నిమ్మది ఎదురు ప్రయాణం. అది ఆసియా చెట్టు. అరబ్బులు పడమటికి తీసుకువెళ్ళారు. 1493లోనే కొలంబస్ రెండో యాత్రలో నిమ్మజాతి విత్తనాలు అట్లాంటిక్ దాటాయి. 1521లో మెక్సికోను జయించిన స్పెయిన్‌వారు అక్కడా నాటారు. మన కాగితపు నిమ్మనే నేడు ప్రపంచం 'మెక్సికన్ లైమ్' అంటోంది. అందులో వేసే దోసకాయ కూడా మొదట సాగైంది మన దేశంలోనే.

ఇక చేసే విధానం. పావుకిలో రొయ్యలు ఒలిచి, వీపు మీది నల్లనరం తీయండి. మెక్సికోలో పచ్చివే నిమ్మరసంలో వేస్తారు. పులుపుకు రొయ్య తెల్లబడి గట్టిపడుతుంది, ఉడికినట్టే కనిపిస్తుంది. కాని ఆ పులుపు సూక్ష్మజీవులన్నిటినీ చంపదు. సముద్రానికి దూరంగా, ఎండలో ఉన్న మన ఊళ్ళలో ఆ సాహసం వద్దు. మరిగే ఉప్పునీళ్ళలో 2, 3 నిమిషాలు ఉడికించి, పూర్తిగా రంగు మారాక వార్చి, మంచునీళ్ళలో వేయండి. 6 నిమ్మకాయల రసంలో 2, 3 పచ్చిమిరపకాయలు, కొత్తిమీర, ఉప్పు నూరి కలపండి. సన్నగా తరిగిన దోసకాయ, ఉల్లిపాయ చేర్చి, రొయ్యల మీద పోసి, అరగంట ఫ్రిజ్‌లో ఉంచి వెంటనే తినండి. పిల్లలకు కారం తగ్గించండి.

సరుకు కోసం దూరం పోనక్కరలేదు. నిమ్మకాయలకు పుళియంగుడి సంత, రొయ్యలకు తూత్తుకుడి రేవు ఉన్నాయి. విరుదునగర్ మిరప వ్యాపారం సంగతి మీకు చెప్పనక్కరలేదు.

'ఇది మన వంట, అది పరాయి వంట' అని ఇళ్ళల్లో తగువులు వింటుంటాం. తెలుగునాట నుంచి ఈ సీమకు వలస వచ్చి, తరాలు గడిచినా ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటున్న మనకు వలస కొత్త కాదు. వచ్చిన మిరప మనదైంది. వెళ్ళిన నిమ్మ వాళ్ళదైంది. ఈసారి ఆవకాయ జాడీ మూత తీసినప్పుడు పిల్లలకు ఈ కథ చెప్పండి.