బ్రాడ్‌ఫర్డు త్రాసు

1907 వ సంవత్సరము ఏప్రిలు మాసమున, ఉన్నిబట్టల వర్తకముచే సంపన్నమై ఇంగ్లండు ఉత్తరభాగమున కుబేరనగరమువలె వెలసియున్న బ్రాడ్‌ఫర్డు పట్టణములో, ఒక క్రైస్తవ సమాజమువారి పాఠశాలా మందిరమునకు పేదల వాడనుండి నలువదిమంది పిల్లలను పిలిపించి, వారికి ఉదయమున ఫలాహారమును మధ్యాహ్నమున భోజనమును పెట్టుట కారంభించిరి. గరుకుపలకల బల్లలపై తెల్లని గుడ్డలు పరచిరి. ఒక్కొక్కనాడు పూలును పెట్టిరి. పెద్ద బాలికలు కొందరు నడుమున శుభ్రమైన పైగుడ్డలు కట్టుకొని, తమకన్న చిన్నవారికి వడ్డనచేసిరి. ముఖమును చేతులును కడుగుకొని రావలెనన్నది ఆ పంక్తికి నియమము. ఓట్సుజావలో పాలును బెల్లపుపాకమువంటి తియ్యని ద్రవమును కలిపి ముందుంచగా, మొదటినాడు కొందరు అదేమి పదార్థమో తెలియక ముట్టనైన ముట్టలేదు. రెండు మూడు దినములలో గిన్నెల అడుగులు కనబడసాగెను. ఈ అన్నదానమున అంతవరకు లేని క్రొత్త విశేష మొకటి కలదు: భోజనము పెట్టినవారు ఆ పిల్లలను వారమువారము త్రాసుపై నిలిపి తూచి, ఆ తూకమును పుస్తకమున వ్రాసికొనిరి. ఆ త్రాసు చెప్పిన సంగతిని వినుటకు ముందు, అది ఆ మందిరమునకు వచ్చిన దారిని కొంత తెలిసికొనుట యుక్తము.

బ్రాడ్‌ఫర్డు పేదయూరు కాదు. ఆ పట్టణమున మానింగ్‌హాము పేటలో నేటికిని నిలిచియున్న లిస్టరు మిల్లు పొగగొట్టము దాదాపు 250 అడుగుల యెత్తు. ఆ మిల్లులో నేసిన పట్టును మఖమలును దేశదేశముల ధనికులు ధరించిరి. కాని ఆ పొగగొట్టము నీడలోనే అరపూట కూలిపిల్లలు పెరిగిరి. పది పదకొండేండ్ల బాలుడు ఒకపూట మిల్లులో దారపుకండెల నడుమ పనిచేసి, రెండవపూట పాఠశాలకు వచ్చి, బల్లపై తలవాల్చి నిద్రించుట ఆ దేశపు చట్టమునకు సమ్మతమైన ఆచారము. ఆ పనికి కనీసపు వయస్సును 1893 లో పదకొండుకును, 1899 లో పండ్రెండుకును పెంచిరే కాని, అరపూట పద్ధతిని తీసివేయుటకు 1918 నాటి విద్యాచట్టము రావలసివచ్చెను. 1890 లో లిస్టరు మిల్లున కూలి తగ్గింపగా కార్మికులు చలికాలమంతయు సమ్మెకట్టి, తుదకు ఆకలికి లోబడి ఓడిపోయిరి; ఆ ఓటమి వేడిమి చల్లారకమునుపే, 1893 లో, స్వతంత్ర కార్మికపక్షము ఆ పట్టణముననే జన్మించెను.

దరిద్రుల బిడ్డలు ఆకలిగొనియుండుట ఆ దేశమునకు క్రొత్త గాదు. ఆ ఆకలి అందరి కంట బడుట మాత్రమే క్రొత్త. 1870 నాటి చట్టము ఊరూర పాఠశాలలను నెలకొల్పెను. 1880 లో చదువు నిర్బంధమయ్యెను. 1891 నాటికి చాలవరకు ఉచితమయ్యెను. అంతవరకు సందులలోను నేలమాళిగలలోను చెదరియుండిన బాల్యమంతయు ఒక్కసారిగా వరుసగా బల్లలమీద కూర్చుండగా, పాలిపోయిన మోములును వంకరకాళ్లును ఉపాధ్యాయుని యెదుట ప్రత్యక్షమయ్యెను. కోటివిద్యలు కూటికొరకే యని మన పెద్దలందురు. కూడు లేనిచోట ఒక్క విద్యయు అబ్బదను తిరుగుమాటను ఆ తరగతిగదులు ప్రపంచమునకు నేర్పినవి. 1894 లో బ్రాడ్‌ఫర్డు పాఠశాలా సభకు ఎన్నికైన మార్గరెట్ మెక్‌మిలన్ అను విదుషీమణి, ఒంటి మురికిని పేలను కడుగకయే అక్షరములు దిద్దించుట వ్యర్థమని వాదించి, 1897 లో వాపింగు పేట పాఠశాలలో పిల్లలకై స్నానశాలను కట్టించెను. ప్రజాధనముతో పిల్లలకు నీళ్లుపోయుట యేమని పరిహసించినవారు లేకపోలేదు.

ఆ దశకము చివర, యార్కు నగరమున, చాకొలెట్టు కర్మాగారపు యజమాని కుమారుడైన సీబోమ్ రౌంట్రీ అను యువకుడు తన యూరి కార్మికుల యిండ్లన్నిటిని గడపగడపకు పరిశోధింపజేసి, 1901 లో ఆ ఫలితమును గ్రంథరూపమున వెలువరించెను. తల్లిదండ్రులును ముగ్గురు బిడ్డలును గల కుటుంబము బ్రతుకుటకు మాత్రమే వారమునకు 21 షిల్లింగుల 8 పెన్నీలు కావలెనని అతడు లెక్కగట్టెను. ఆ లెక్కలో రైలుప్రయాణము లేదు, వార్తాపత్రిక లేదు, పిల్లవాని గోలీలకు గాని పిల్లదాని బొమ్మకు గాని చిల్లిగవ్వ లేదు. అంత బిగించి లెక్కించినను, నగర జనాభాలో నూటికి పదిమంది ఆ గీటుకు క్రిందనే యుండిరి. మొత్తముమీద లేమిలో నున్నవారు నూటికి దాదాపు ఇరువదియెనమండుగురని తేలెను. సేవకులను పెట్టుకొనగల యిండ్లలో పుట్టిన వేయిమంది శిశువులలో 94 మంది ఏడాది నిండకముందే చనిపోవుచుండగా, కటికపేదల వాడలో 247 మంది చనిపోవుచుండిరి. బ్రతికినవారి సంగతియు అతడు విడువలేదు. పదుమూడేండ్ల పేదబాలుడు, కార్మికులలోనే కొంత మెరుగైన యింటి బాలునికంటె మూడున్నర అంగుళములు పొట్టి, పదునొకండు పౌనులు తేలిక. పేదకార్మికుని జీవితమున లేమి మూడుసార్లు తలుపుతట్టుననియు, అందు మొదటిసారి అతని బాల్యముననే యనియు, రెండవసారి అతని బిడ్డల బాల్యమున ననియు, మూడవసారి వార్ధక్యమున ననియు రౌంట్రీ చూపించెను. తాతనుండి మనుమనివరకు ఆస్తివలె సంక్రమించు ఋణమిది.

ఇంత తెలిసియు ప్రభుత్వము కదలలేదు. బిడ్డకు అన్నము పెట్టుట తండ్రి ధర్మమనియు, ఆ భారమును పాఠశాల వహించినచో తండ్రులు సోమరులై చెడుదురనియు పెద్దమనుష్యుల ధర్మసంస్థలు వాదించెను. ఆ వాదమును ఓడించినది దయ కాదు, యుద్ధము. దక్షిణాఫ్రికాలో బోయరులతో పోరాడుటకు సైన్యమున చేరవచ్చిన నగరపు యువకులలో పెక్కుమంది రొమ్ము చాలక, ఎత్తు చాలక, పండ్లు పుచ్చి, వైద్యపరీక్షలో తిరస్కృతులైరి. సూర్యుడస్తమింపని సామ్రాజ్యమునకు తుపాకి మోయువాడు కరవగునని భయము పుట్టగా, ప్రభుత్వము నియమించిన విచారణసంఘము 1904 లో, జాతి బీజమున క్షీణింపలేదనియు, కారణములు తిండిలోను ఇంటిలోను పరిసరములలోను వెదకవలెననియు తేల్చి, పాఠశాలలో పిల్లలకు భోజనమును వైద్యపరీక్షయు అవసరమని చెప్పెను. 1906 లో బ్రాడ్‌ఫర్డునుండి పార్లమెంటునకు వచ్చిన ఫ్రెడ్ జోవెట్టు తన తొలి ప్రసంగమును ఆకలిగొన్న పిల్లలకొరకే వినియోగించెను. ఆ సంవత్సరాంతముననే భోజనచట్టము పుట్టెను. ఆనాటి పేదలచట్టము క్రింద ధర్మము పుచ్చుకొన్నవాడు ఓటుహక్కును కోల్పోవుచుండెను; పాఠశాలలో బిడ్డ తిన్నంతమాత్రమున తండ్రి ఓటు పోదని ఈ చట్టము స్పష్టముగ వ్రాసెను. ఒక గిన్నెడు జావ ధర్మమునుండి హక్కువైపునకు ఒక్క యడుగు వేసిన దినమది.

ఇక ఆ త్రాసు. పట్టణపు విద్యావిభాగ వైద్యాధికారియగు రాల్ఫ్ క్రౌలీ, వంటశాస్త్రము నేర్పు మారియన్ కఫ్ అను నామెతో కలిసి, ఏప్రిలునుండి జూలైవరకు ఆ నలువదిమందిని పోషించెను. అదే వాడలో ఇంటి తిండితోనే యున్న మరికొందరు పిల్లలను పోలికకై ఎన్నుకొని వారినిగూడ తూచెను. పెట్టిన పిల్లలు పెట్టని పిల్లలకంటె త్వరగ బరువెక్కిరి. ఇందేమి వింత యని పాఠకుడనవచ్చును. వింత మధ్యలో వచ్చిన సెలవులలో నున్నది. పెంతెకొస్తు పండుగకు పాఠశాల మూయగా భోజనశాలయు మూతబడెను. పిల్లలు ఆ దినములు తమ యిండ్లలోనే తినిరి. తిరిగివచ్చి త్రాసెక్కినప్పుడు వారి బరువు తగ్గియుండెను. ఊరంతయు కొత్తబట్టలు కట్టి పండుగ చేసికొనుచుండగా ఆ పిల్లలు కృశించిరి. తల్లుల అజ్ఞానము వలననో తండ్రుల త్రాగుడు వలననో యని అంతవరకు సాగిన వాదములను ఆ త్రాసు పట్టించుకొనలేదు. అన్నమున్నచోట పెరుగుదల, లేనిచోట తరుగుదల యని మాత్రమే చెప్పెను. బల్లలపై పరచిన గుడ్డలు మొదటి వారము పిల్లల బట్టల మురికి అంటి నల్లబడెను. పోను పోను పిల్లలే శుభ్రపడిరి, గుడ్డలును తెల్లగ నిలిచెను. శుచి పేదవానికి తెలియదను నిందకు ఆ గుడ్డలే ప్రత్యుత్తరము.

చట్టము మాత్రము పెట్టవచ్చునని చెప్పెనే కాని పెట్టవలెనని చెప్పలేదు. సెలవులలో పెట్టుటకు అనుమతి 1914 వరకు లేదు. ఇష్టమున్న పట్టణము పెట్టెను, లేనిది ఊరకుండెను. ఈలోపల పేదరికము పేరుపెట్టి పిలువరాని రూపములు దాల్చెను. స్టాక్‌టన్ పట్టణమున 1927 లో ఒక మురికిపేట కుటుంబములను గాలియు వెలుతురుగల క్రొత్త యిండ్లకు తరలించిరి. అక్కడ మరణములు తగ్గవలసినది పోయి పెరిగెను. ఆ యూరి ఆరోగ్యాధికారి మెక్‌గోనిగల్ కారణమును వెదకి, క్రొత్త యింటి అద్దె ఎక్కువగుటచే తిండికి మిగులు డబ్బు తరిగెనని కనుగొనెను. గోడ బాగుపడెను, గిన్నె ఖాళీయయ్యెను.

1930 లో స్కాట్లండునందలి లనార్క్‌షైరులో ఇరువదివేల పిల్లలపై పాలపరీక్ష యొకటి జరిగెను. సగముమందికి నాలుగుమాసములు దినదినము పాలు పోసి, తక్కినవారికి పోయక, ఉభయులను తూచిరి. ఆ లెక్కలను చూచిన స్టూడెంటు అను మారుపేరుగల గణితవేత్త రెండు లోపములను పట్టెను. మొదటిది: పాలుపోయు పిల్లలను ఎన్నునప్పుడు ఉపాధ్యాయులు లెక్కను మరచి, ఎముకలు తేలినవారిని పాలవరుసలోనికి నెట్టియుందురు. రెండవది మరింత సూక్ష్మమైనది. పిల్లలను బట్టలతోనే తూచిరి. కలవారి బిడ్డ ఫిబ్రవరిలో మందపు ఉన్నికోటుతోను, జూనులో పలుచని చొక్కాతోను త్రాసెక్కును. లేనివాని బిడ్డకు చలికాలపు బట్ట యేదో వేసవిబట్టయు నదే. కావున త్రాసుపై కలవాని బరువు తగ్గినట్లును, లేనివానిది తగ్గనట్లును కనబడును. శాస్త్రదృష్టితో అది దోషమే. కాని ఒక దేశపు ఉపాధ్యాయులకు ఆకలిబిడ్డ కంటబడగా పరీక్షానియమము గుర్తులేకపోవుట కీర్తికరమైన దోషమని నా అభిప్రాయము.

ఆ దశకముననే జాన్ బోయిడ్ ఓరు అను పోషణశాస్త్రజ్ఞుడు దేశజనాభాలో సగముమంది ఆహారము సంపూర్ణారోగ్యమునకు చాలదని ప్రకటించెను. మరల యుద్ధమే ఆ మాటకు చెవియొగ్గించెను. 1944 నాటి విద్యాచట్టము భోజనమును విధిగ జేసెను. 1946 లో ప్రతి విద్యార్థికి దినమునకు మూడవవంతు పైంటు పాలు ఉచితముగ వచ్చెను. రెండవ బిడ్డ మొదలుకొని వారమునకు అయిదు షిల్లింగుల భత్యము ఆ సంవత్సరముననే మొదలయ్యెను. లేమి ఆ దేశమున గతించెనని పెద్దలు నమ్మిరి. 1965 లో ఆబెల్‌స్మిత్తు, టౌన్‌సెండు అను విద్వాంసులిద్దరు ఆ నమ్మకమును చెదరగొట్టిరి. లేమిని తోటివారితో పోల్చియే కొలువవలెను: కోటులేని తోటివారిలో కోటులేకుండుట ఒక స్థితి. అందరికి కోట్లున్న తరగతిలో తానొక్కడే చలికి వణకుట వేరొక స్థితి. నారచొక్కా లేని కూలివాడు నలుగురిలోనికి వచ్చుటకు సిగ్గుపడునని ఆడమ్ స్మిత్ 1776 లోనే గుర్తించియుండెను. ఉచితభోజనపు చీటి పట్టుకొని వేరు వరుసలో నిలిచిన బాలునికి ఆ సిగ్గు అన్నముతోపాటు లోపలికి పోవును. 1971 లో ఏడేండ్లు దాటినవారికి ఉచితముగ నిచ్చు పాలు ఆగిపోయెను. 1980 లో భోజనపు విధియు చాలవరకు సడలెను.

బోయిడ్ ఓరు ఆధ్వర్యమున 1937 మొదలు 1939 వరకు పరిశీలించిన దాదాపు అయిదువేల పిల్లల కాగితములు అబర్డీనులో అర్ధశతాబ్ది నిద్రించినవి. బ్రిస్టలు విశ్వవిద్యాలయపు పరిశోధకులు వానిని దుమ్ముదులిపి, ఆ పిల్లలేమైరో వెదకి, 1998 లో ప్రకటించిన సంగతి యిది: బాల్యమున కాళ్లు పొట్టిగ నున్నవారు, ముసలితనమున గుండెజబ్బుతో చనిపోవుట అధికము. కాలియెముక పెరుగవలసిన యేండ్లలో అందని అన్నము అరువదియేండ్లకు గుండెవద్ద లెక్క తీర్చుకొనినది. ఆ పిల్లలలో ఎందరో పెద్దవారై కడుపునిండ తినియుందురు, పాతబాకీ తీరలేదు.

నేడు ఆ దేశము రౌంట్రీ కలలోనైన ఊహింపని సంపదగలది. అయినను అద్దె మొదలగు ఇంటి ఖర్చులు పోగా మిగులు ఆదాయమునుబట్టి 2022-23 లో లెక్కింపగా 43 లక్షల పిల్లలు, అనగా నూటికి ముప్పదిమంది, సాపేక్షముగ పేదలని ఆ ప్రభుత్వపు గణాంకములే చెప్పుచున్నవి. బాలదారిద్ర్యమును తుదముట్టింప 2010 లో చట్టముచేసి పెట్టుకొన్న లక్ష్యములను 2016 లో ఆ పార్లమెంటే తుడిచివేసెను.

2020 వేసవిలో, మహమ్మారి దినములలో, పాఠశాలలకు సెలవు లిచ్చుచు, ఉచితభోజనపు బదులు ఇచ్చు కూపనులను సెలవులలో ఇయ్యబోమని ప్రభుత్వము ముందు చెప్పెను. చిన్నతనమున తానును ఉచితభోజనము తిని పెరిగిన మార్కస్ రాష్‌ఫర్డు అను ఇరువదిరెండేండ్ల ఫుట్‌బాల్ క్రీడాకారుడు పార్లమెంటు సభ్యులకు బహిరంగలేఖ వ్రాసెను. మరునాడే ప్రభుత్వము తన మాటను మార్చుకొనెను. సెలవులలో పేదబిడ్డ బరువు తగ్గునని 1907 లో బ్రాడ్‌ఫర్డు త్రాసు చెప్పియుండెను. ఆ మాటను ఆ దేశపు పాలకులకు 113 ఏండ్ల పిదప ఒక బంతాటగాడు మరల చెప్పవలసివచ్చెను.